నీ నవలలో పాపకు నిజంగా నాలుగేళ్లేనా?

చెల్లీ,

నవల ప్రతి మొత్తం చదివాను. పెద్దవాళ్ల సంభాషణల్లో వేలు పెట్టడానికి నాకు చోటు దొరకలేదు. నా పేచీ అంతా నీ కథానాయికతోనే. ఎనిమిది నెలల పసిపాపగా మొదలై ఇరవై మూడేళ్ల మనిషిగా తేలుతుంది. కానీ లోపల మాట్లాడే గొంతు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కటే. ఎత్తు పెరిగింది, తరగతి మారింది, జడ పొడవైంది, ఆలోచించే తీరు మాత్రం అంగుళం కదల్లేదు. ఏ వయసులో చూసినా ఆ పిల్లది నీ వయసే.

రెండో అధ్యాయంతో మొదలుపెడతాను, నవల కుంటుపడింది అక్కడే కాబట్టి. తండ్రి చనిపోయాడు. నాలుగేళ్ల పాప పక్కన కూర్చుని "నాన్న ఇక ఎప్పటికీ రాడు, అమ్మకు మిగిలిన జీవితమంతా ఒంటరితనమే" అనుకుంటుంది. చదివేవాళ్లకు కన్నీళ్లు రావాలని రాశావు. నాకు మాత్రం పాప మాయమై ఆ చోట రచయిత్రి కనిపించింది.

చావు పిల్లలకు ఒక్కసారిగా అర్థం కాదు. విడివిడి సంగతులుగా అందుతుంది. పోయినవాళ్లు తిరిగి రారన్నది ఒకటి. వాళ్ల ఒంట్లో ఇక ఏదీ పనిచేయదు, ఆకలి, చలి, నొప్పి ఏవీ ఉండవన్నది ఇంకొకటి. ఎప్పటికైనా అందరూ పోవలసినవాళ్లే అన్నది మరొకటి. ఈ మూడూ ఎక్కువమంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య పట్టుబడతాయని, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వడబోసి స్పీస్, బ్రెంట్ అనే పరిశోధకులు 1984లో రాశారు. నాలుగేళ్ల పాప "నాన్నకు చలేయదా?" అని అడుగుతుంది. రాడని చెప్పినా, "మరి నా పుట్టినరోజుకి?" అంటుంది. కాసేపు ఏడ్చి, వెంటనే ఆటకు పోతుంది. ఆ ఆటను చూసి "పాపం, పసిదానికేం తెలుసు" అని పెద్దవాళ్లు అనుకుంటారు చూడు, అక్కడుంది నీ కథ. ఇంకో మాట. ఈ వయసులో తన కోరికకూ లోకంలో జరిగేదానికీ ముడి ఉందని పిల్లలు నమ్ముతారు. ముందురోజు నాన్న మీద అలిగి "నువ్వు పో" అన్నదనుకో, ఆయన పోయింది తన మాటవల్లేనని లోలోపల అనుకోగలదు. దాన్ని ఎవరితోనూ చెప్పదు. నీ పేజీలో ఉన్న తాత్విక వాక్యం కంటే ఈ మౌనానికి వంద రెట్లు బరువుంది. ఓదార్చడానికి వచ్చిన పెద్దమ్మ చేత "నాన్న నిద్రపోతున్నాడమ్మా" అనిపించావు. మంచి మాటే అనిపించావు, కానీ దాన్ని వాడుకోకుండా వదిలేశావు. ఆ మాట విన్న పిల్ల ఆ రాత్రి నిద్రపోవడానికి భయపడుతుంది.

మరి అమ్మ ఒంటరితనం? అమ్మ ఏడుస్తోందని పాపకు తెలుస్తుంది, అనుమానం లేదు. కానీ తనకు ఏది ఊరటో అమ్మకూ అదే ఊరట అనుకుని, తన చీకిపోయిన బొమ్మను తెచ్చి అమ్మ ఒళ్లో పెడుతుంది. ఆ ఒక్క పని రాయి. అమ్మ రేపటి జీవితం గురించి ఊహించే పనిని చదివేవాళ్లకు వదిలెయ్.

దీనికి తోడు మూడేళ్ల తమ్ముడొకడు, నాన్న ఉత్తరం దాచిన చోటును వారం పాటు కడుపులో పెట్టుకుంటాడు. కథ మలుపంతా వాడి మీదే నిలబెట్టావు. వాడు మోయలేడమ్మా. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు ఒక కథ చెప్పి చూశారు. ఒక బాబు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని వేరే అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లు చాలావరకు, చాక్లెట్ ఇప్పుడు ఉన్న చోటే చూపిస్తారు. తనకు తెలిసింది అందరికీ తెలిసినట్టే వాళ్ల లెక్క. నాలుగూ ఐదేళ్ల మధ్య ఈ తెర తొలగుతుంది. ఎదుటివాడి తలలో తప్పుడు నమ్మకం ఉండొచ్చని తెలిస్తేగానీ రహస్యం రహస్యంగా నిలవదు. తమ్ముణ్ణి ఆరేళ్లవాణ్ణి చెయ్, లేదా ఆ రహస్యం మొదటి పూటే బయటపడేలా మలుపు మార్చు. రెండోదే నాకు ఇష్టం.

మొదటి అధ్యాయానికి వస్తే, తల్లి దిగులును అరపేజీ వర్ణించావు. దాన్ని పాప వైపు నుంచి చూపించు. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త తల్లులను, పసిపిల్లల ఎదుట కాసేపు ఏ కదలికా లేని ముఖంతో కూర్చోమన్నాడు. పిల్లలు ముందు నవ్వి చూశారు, చేతులు చాపారు, గొంతు చేశారు, తల్లిని మళ్లీ ఆటలోకి లాగాలని చేయగలిగినదంతా చేశారు. ఫలితం లేకపోయేసరికి ముఖం తిప్పేసుకున్నారు, కొందరు ఏడ్చారు. నీకు కావలసిన సన్నివేశం ఇదే, విశేషణాలు అక్కర్లేదు. అయితే ఇరవై మూడేళ్లప్పుడు ఆమె ఇదంతా గుర్తు చేసుకున్నట్టు రాశావే, అది కొట్టెయ్. పెద్దయ్యాక మిగిలే తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నర ఏళ్ల నాటివి. అంతకు బాగా ముందువి చాలావరకు ఎవరో చెబితే విన్నవో, ఫొటోలో చూసినవో అయివుంటాయి. ఆ సంగతి ఎవరి నోట విన్నదన్నదాన్ని నువ్వు కథగా మలచుకోవచ్చు.

పదేళ్ల భాగం బాగుంది. ఆటలో రూల్సు తప్పితే యుద్ధానికి దిగడం, ఎవరికెంత వచ్చిందని లెక్క చూసుకోవడం, అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ముట్టుకోకు.

పదిహేనేళ్ల దగ్గర మళ్లీ ఆగాను. అర్ధరాత్రి ఒంటరిగా స్కూటర్ తీసుకుని దూసుకుపోతుంది, "ప్రమాదం తెలియని వయసు" అని నువ్వు వ్యాఖ్యానిస్తావు. తెలియక కాదు. నింపాదిగా కూర్చోబెట్టి అడిగితే ఆ వయసువాళ్లు ప్రమాదాన్ని దాదాపు పెద్దల్లాగే చెప్పగలరు. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో కారు నడిపే ఆట ఒకటి ఆడించారు. స్నేహితులు పక్కనుంటే టీనేజీవాళ్లు ఒంటరిగా ఉన్నప్పటికంటే చాలా ఎక్కువ సాహసాలు చేశారు. పెద్దవాళ్లలో ఆ తేడా బాగా తక్కువ. కాబట్టి రోడ్డు పక్కన ఇద్దరు స్నేహితురాళ్లను నిలబెట్టు, స్కూటర్ దానంతటదే కదులుతుంది. ఆ వయసులో మనసులో ఎప్పుడూ ఒక ఊహాప్రేక్షకవర్గం ఉంటుందని మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లో రాశాడు. ముఖం మీద మొటిమను లోకమంతా చూస్తోందన్న నమ్మకం అలాంటిదే. నీ నవలలో మొటిమ ఒక్కటి కూడా లేదు.

ఈ వయసులన్నీ విని, గోడకు పట్టిక అంటించుకుని రాయకు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పడానికి పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త కట్టిన దశలే చూడు. దాచిన వస్తువు ఇంకా ఉందని పిల్లలకు ఎనిమిది నెలల ప్రాంతంలో తెలుస్తుందని ఆయన అన్నాడు. బయ్యార్జన్ అనే పరిశోధకురాలి బృందం 1985లో వాళ్ల చూపు ఎంతసేపు నిలిచిందో కొలిచి, ఐదు నెలల పిల్లలకే ఆ జాడ ఉందని చూపింది. పైగా ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల పిల్లల మీద చేసినవి. ఒకే పిల్ల లెక్కల్లో ఎనిమిదేళ్లదానిలా, భయంలో నాలుగేళ్లదానిలా ఉండొచ్చు. పియాజే దగ్గర నువ్వు నేర్చుకోవలసింది పట్టిక కాదు, పద్ధతి. తన ముగ్గురు పిల్లలను పక్కన కూర్చుని గమనించి, ఏ నెలలో ఏం చేశారో నమోదు చేసుకున్నాడు. నువ్వూ ఒక నోటుబుక్కు పెట్టుకో. ఆడుకునే పిల్లల దగ్గర కూర్చుని, ప్రశ్నలు అడగకుండా, విన్నది విన్నట్టు రాసుకో. సరిచేయకు, ముద్దు చేయకు. వయసు సంవత్సరాల్లో కాక నెలల్లో రాసుకో. చిన్నప్పుడు ఆరు నెలల తేడా చాలా పెద్దది.

ఇక చివరి భాగం. ఉద్యోగం పోయినా, ప్రేమ చెడినా, ఇరవై మూడేళ్ల ఆమె ప్రతి ఓటమికీ నాలుగేళ్లనాటి చావునే కారణం చేశావు. ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త బృందం హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, కుటుంబ కలహాలు వంటి ముప్పులు చుట్టుముట్టిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది ధీమాగా, సమర్థులుగా, ఇతరులను పట్టించుకునే మనుషులుగా ఎదిగారు. వాళ్లకు దొరికిన ఆసరాల్లో ముఖ్యమైనది, తల్లిదండ్రులో మరొకరో, నిలకడగా అండనిచ్చే పెద్దమనిషి ఒకరైనా ఉండటం. టీనేజిలో దారి తప్పిన చాలామంది కూడా ముప్పై దాటేసరికి కుదురుకున్నారు. గాయం ఉంటుంది, కానీ అదొక్కటే కథ నడపదు.

అలాంటి మనిషి నీ నవలలో ఇప్పటికే ఉంది. మూడో అధ్యాయంలో లెక్కల టీచర్ వచ్చి, పాప రాసిన తప్పును చూసి నవ్వకుండా పక్కన కూర్చుంటుంది. ఆమెను అరపేజీలో పంపించేశావు. వెనక్కి పిలువు, కనీసం ఇంకో రెండు సన్నివేశాలివ్వు. ముందు రెండో అధ్యాయం తిరగరాసి పంపు. ఇరవై మూడేళ్ల భాగాన్ని ఇప్పుడే కదపకు, రెండోది మారితే అందులో సగం దానంతటదే పనికిరాకుండా పోతుంది.

అక్క