షాక్ వేవ్ చికిత్సతో అంగస్తంభన సమస్య పోతుందా?

ప్రశ్న: నా వయసు 49 సంవత్సరాలు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్లుగా అంగస్తంభన సరిగా ఉండడం లేదు. డాక్టరు రాసిన టడలాఫిల్ మాత్రతో ఫలితం ఉంటోంది గానీ, ఎంతకాలం మాత్రలతో నెట్టుకురావాలన్న బెంగ పట్టుకుంది. షాక్ వేవ్ థెరపీతో సమస్య శాశ్వతంగా పోతుందని ఒక క్లినిక్ వారు చెబుతూ, ఆరు సిటింగులకు సొమ్ము ముందే కట్టమంటున్నారు. కరెంటు షాక్ పెడతారేమోనని నా భార్య భయపడుతోంది. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ చికిత్సలో శరీరానికి కరెంటు పెట్టరు కాబట్టి మీ శ్రీమతి భయపడనక్కర్లేదు. ఇవి ధ్వనికి సంబంధించిన పీడన తరంగాలు. కిడ్నీలో రాళ్లను కోత లేకుండా పగలగొట్టడానికి 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి రోగిపై ప్రయోగించినవి ఈ తరంగాలే. అంగస్తంభన కోసం వాడేటప్పుడు వాటి తీవ్రతను బాగా తగ్గిస్తారు. మత్తు ఇవ్వనక్కర్లేదు, పెద్దగా నొప్పీ ఉండదు.

ఇక ఫలితం సంగతి. తక్కువ తీవ్రత గల తరంగాలు తగిలిన కణజాలంలో సన్నని రక్తనాళాలు కొత్తగా ఏర్పడే అవకాశం ఉందని జంతువులపై జరిగిన ప్రయోగాలు సూచించాయి. ఆ ఆధారంతో ఇజ్రాయెల్‌లోని హైఫాకు చెందిన యోరాం వార్డి బృందం 20 మంది పురుషులకు ఈ చికిత్స చేసి, ఆశాజనకమైన ఫలితాలను 2010లో ప్రకటించింది. ఆ తరువాత, కొందరికి నిజమైన తరంగాలు ఇచ్చి, మరికొందరికి యంత్రాన్ని ఊరికే ఆనించి పోల్చిచూసిన అధ్యయనాలు అనేకం వచ్చాయి. వాటిలో కొన్ని మేలు జరిగిందన్నాయి, కొన్ని తేడా లేదన్నాయి. చాలావరకు చిన్న అధ్యయనాలే కాక, యంత్రం, తీవ్రత, సిటింగుల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఉండడం వల్ల తీర్పు చెప్పడం కష్టమవుతోంది. అందుకే అమెరికా యూరాలజీ సంఘం 2018లో దీనిని పరిశోధన దశలోని చికిత్సగానే పరిగణించింది. రక్తప్రసరణ లోపం వల్ల స్వల్పంగా ఇబ్బంది పడుతున్నవారికి వాడిచూడవచ్చని ఐరోపా యూరాలజీ సంఘం అన్నప్పటికీ, ఆ సిఫారసు బలహీనమైనదని తానే పేర్కొంది. మేలు కనిపించినవారిలో కూడా కాలం గడిచేకొద్దీ అది తగ్గిపోవచ్చు, మధుమేహం ఉన్నవారిలో ఇంకా త్వరగా తగ్గవచ్చు. కాబట్టి ‘శాశ్వతంగా’ అన్న మాటకు ఆధారం లేదు. ఆ మాట చెప్పి ముందే సొమ్ము అడిగేవారిని నేనైతే నమ్మను.

మరో మెలిక కూడా ఉంది. షాక్ వేవ్ పేరుతో కొన్నిచోట్ల వాడేది రేడియల్ యంత్రం. మడమ నొప్పికి, భుజం నొప్పికి ఫిజియోథెరపీలో వాడే ఆ యంత్రం గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. దాని శక్తి చర్మానికి దగ్గరలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. లోతున ఒకచోట కేంద్రీకరించే యంత్రాలతో వచ్చిన ఫలితాలను దీనికి అంటగట్టడం సరికాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే విషయం. అంగానికి రక్తం తెచ్చే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి, గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. కొవ్వు పేరుకుంటే సన్నని నాళాలలో ఇబ్బంది ముందుగా బయటపడుతుంది. గుండె నొప్పి కొన్నేళ్ల తరువాత రావచ్చు. ఎనిమిదేళ్ల షుగర్ ఉన్న మీరు సిటింగులకు కట్టదలచిన సొమ్ములో కొంత వెచ్చించి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష), కొలెస్టరాల్, ఉదయం పూట తీసిన రక్తంలో టెస్టోస్టెరాన్ (పురుష హార్మోన్) పరీక్షలు చేయించుకుని, రక్తపోటు చూపించుకుని, గుండె వైద్యుని సలహా కూడా తీసుకోండి. పొగతాగే అలవాటుంటే మానేయండి.

మాత్ర పనిచేస్తున్నప్పుడు దానిని వదిలేయాల్సిన తొందరేమీ లేదు. టడలాఫిల్ వ్యసనంగా మారే మందు కాదు. అవసరాన్నిబట్టి తక్కువ మోతాదులో రోజూ వేసుకునే పద్ధతి కూడా ఉంది, మీ డాక్టరును అడగండి. అయితే ఛాతీ నొప్పికి వాడే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులతో కలిపి దీనిని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రికి వెళితే, ఈ మాత్ర వాడుతున్న సంగతి, చివరిగా ఎప్పుడు వేసుకున్నారన్నది అక్కడి డాక్టరుకు మొహమాటపడకుండా చెప్పండి.