ఎర్రరాతి లోయల్లో నడక, గుర్రపు స్వారీ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో మమ్మల్ని గ్రాండ్ క్యానియన్‌కి తీసుకెళ్తానంటున్నాడు. మావారికి 62, నాకు 58. ఏటా అలిపిరి మెట్లెక్కి స్వామిని దర్శించుకుంటాం. లోయలోకి దిగి రాగలమా?
— పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: దిగగలరమ్మా. ఎంతవరకు దిగాలన్నది మాత్రం ముందే తేల్చుకోండి. అలిపిరిలో ఓపికున్నప్పుడు ఎక్కుతాం. కాళ్ళు మొరాయిస్తే గాలిగోపురం దగ్గర కూర్చుని, కాకపోతే వెనక్కి దిగిపోతాం. క్యానియన్‌లో ఇదంతా తలకిందులు. చల్లటి వేళ, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు హాయిగా దిగిపోతాం. ఎండ ముదిరాక, కాళ్ళు అలిశాక ఎక్కుడు మొదలవుతుంది. దిగిన దానికి రెట్టింపు సమయం ఎక్కడానికి పడుతుందని లెక్క వేసుకోండి.

క్యానియన్ దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమలకు రెట్టింపు పైమాటే. గాలి పలచన కాబట్టి ఆయాసం తొందరగా వస్తుంది. ప్రతి 300 మీటర్లు దిగేకొద్దీ సుమారు 3 డిగ్రీల వేడి పెరుగుతుంది. జూన్‌లో అంచు దగ్గర చల్లగాలి వీస్తున్నా అడుగున 40 డిగ్రీలు దాటిపోతుంది.

మీకు బ్రైట్ ఏంజెల్ దారి అనుకూలం. మైలున్నర దగ్గర, అంటే 2.4 కిలోమీటర్లకు, నీడనిచ్చే మొదటి విశ్రాంతి గది వస్తుంది. అక్కడికి 340 మీటర్ల దిగుడు. మూడు మైళ్ళ దగ్గర రెండోది ఉంది. అది సుమారు 650 మీటర్ల లోతు, ఇంచుమించు అలిపిరి ఎక్కుడంత. దిగాం కదా అని అక్కడిదాకా వెళ్ళకండి. జూన్‌లో మొదటి గది దగ్గరే వెనక్కి తిరగండి. తెల్లవారుజామున ఐదున్నరకు దిగడం మొదలుపెడితే ఆరున్నరకు గది, ఎనిమిదిన్నరకు మళ్ళీ పైన. పది నుంచి సాయంత్రం నాలుగు వరకు లోపల నడవొద్దని పార్కు వాళ్ళే చెబుతారు.

నీళ్ళు గంటకు అర లీటరు నుంచి లీటరు. మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్ళండి. దారిలో కొళాయిలున్నా వాటికి నీళ్ళు తెచ్చే గొట్టం తరచూ పగులుతుంది, నమ్ముకోకూడదు. అక్కడి గాలి పొడిగా ఉంటుంది. మన తిరుపతి ఉక్కలో చెమట కారినట్టు కారదు, పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే ఒంట్లోంచి ఎంత పోయిందో అర్థమవుతుంది. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తే మరింత ముదురుతుంది. అందుకే గుక్క గుక్కకీ మధ్య ఉప్పు చెనక్కాయలో మురుకులో నములుతుండండి. ఓఆర్‌ఎస్ పొట్లం దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. బీపీ మాత్రలు వాడుతుంటే ఉప్పు సంగతి డాక్టరుగారిని అడిగి వెళ్ళండి.

ప్రశ్న: బ్రైస్ క్యానియన్‌లో గుర్రమెక్కి లోయ దిగవచ్చట. నాకు స్వారీ రాదు, బరువు 92 కిలోలు. ఎక్కనిస్తారా? ఏం నేర్చుకోవాలి?
— పాఠకుడు, పలమనేరు

జవాబు: అక్కడ బరువు హద్దు 220 పౌండ్లు, అంటే సుమారు 100 కిలోలు. బట్టలు, బూట్లు కలుపుకొని లెక్కేసుకోండి. రెండు గంటల స్వారీ, మూడు గంటల స్వారీ అని రెండున్నాయి. మొదటిసారికి రెండు గంటలదే తీసుకోండి. అలవాటు లేనివాళ్ళకు తొడల లోపలి కండరాలు గంట దాటగానే పట్టేస్తాయి.

గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కాలి. జీను మీద కూర్చుని కాళ్ళు వదులుగా వేలాడేస్తే రికాబు (పాదం పెట్టుకునే వలయం) అడుగు భాగం చీలమండ ఎముకకు తగలాలి. అంతకంటే పొట్టిగా ఉంటే మోకాళ్ళు నొప్పెడతాయి. సిగ్గుపడకుండా సరిచేయమని అడగండి. రికాబులో పాదం ముందు భాగమే ఉంచి మడమ కిందికి వంచండి. పాదం మొత్తం దూరిస్తే, పడినప్పుడు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోయే ప్రమాదం ఉంది. దిగుడులో నడుము కాస్త వెనక్కి, ఎక్కుడులో ముందుకు. జీను పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. పది నిమిషాలు నడిచాక జీను వదులవుతుంది. పక్కకు జారుతున్నట్టు అనిపిస్తే వెంటనే గుర్రాలు నడిపించే కాపరికి చెప్పండి.

లోయ వైపు అంచున నడుస్తోందని పగ్గం లాగకండి. ఆ దారి దానికి కొట్టిన పిండి. టోపీకి గడ్డం కింద తాడుండాలి. ఎగిరిపడిన టోపీకి వెనక గుర్రం బెదురుతుంది. మీ ఇంటావిడ కూడా వస్తుంటే చున్నీ వద్దని చెప్పండి. దిగాక అర నిమిషం జీను పట్టుకునే నిలబడండి, కాళ్ళు తూలుతాయి.

ప్రశ్న: బ్రైస్ క్యానియన్ రాళ్ళకు అన్ని రంగులెలా వచ్చాయి? మన శిలాతోరణంలాంటివేనా?
— విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: తిరుమల శిలాతోరణం చాలా పాతదైన గట్టి క్వార్ట్‌జైట్. బ్రైస్‌లోది ఎక్కువగా సున్నపురాయి, మెత్తన. అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది హెమటైట్‌గా ఎరుపు, లిమొనైట్‌గా పసుపు ఇస్తుంది. ఊదా ఛాయ మాంగనీసుది. పగుళ్ళలో దిగిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది. ఏడాదిలో ఇలా 200 సార్లదాకా జరిగి రాయి స్తంభాలుగా చీలుతుంది. ఉదయపు ఏటవాలు ఎండలో చూడు, రంగులు బాగా తేలతాయి.

ప్రశ్న: ఆగస్టులో యాంటెలోప్ క్యానియన్ వెళ్తున్నాం. వాన పడకపోతే భయం లేదు కదా?
— పాఠకుడు, పుత్తూరు

జవాబు: మీ నెత్తిన పడకపోయినా భయమే. 1997 ఆగస్టు 12న అక్కడ 11 మంది పర్యాటకులు వరదలో చనిపోయారు. వాన కురిసింది ఎగువన, మైళ్ళ దూరంలో. ఎడారి నేల నీటిని పీల్చుకోలేదు. వచ్చిందంతా ఇరుకు సందులాంటి ఆ లోయలోకే దూకుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు అక్కడ ఉరుముల వానల కాలం. ఇప్పుడు గైడు లేకుండా లోపలికి పంపరు. అతను వద్దంటే డబ్బు కట్టామని వాదించకండి. వేరే ఇరుకు లోయల్లో ఉన్నప్పుడు నీరు బురదగా మారినా, పుల్లలు తేలివచ్చినా, దూరంగా హోరు వినిపించినా సామాన్లు వదిలి ఎత్తుకు ఎక్కండి.

ప్రశ్న: గ్రాండ్ క్యానియన్‌లో నడిచే దారిలో కంచరగాడిదలు ఎదురైతే?
— పాఠకుడు, చిత్తూరు

జవాబు: అంచు వైపు కాకుండా కొండ వైపు నిలబడండి. కదలొద్దు, అరవొద్దు, కాపరి చెప్పినట్టు చేయండి. చివరి కంచరగాడిద 15 మీటర్లు దాటిపోయాకే మళ్ళీ దారిలోకి రండి.