ఆ తెల్ల మారుతికి లక్షా ముప్పై ఐదు వేలు పెట్టొచ్చా?

ప్రశ్న: అయ్యా, నేను చిత్తూరులో ఉంటాను. పది కిలోమీటర్ల దూరంలోని పల్లెలో టీచరుగా పనిచేస్తున్నాను. మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరు గారు తన మారుతి 800 అమ్ముతానంటున్నారు. 2006 నవంబరు బండి, ఏసీ ఉంది, ఏపీ 03 నంబరు. మొదటి నుంచీ ఆయనదే, 38 వేల కిలోమీటర్లే తిరిగింది. ఆదివారాలు కాణిపాకం వెళ్లిరావడం తప్ప పెద్దగా వాడలేదట. కొత్తదానిలా మెరుస్తోంది. 1,35,000 చెబుతున్నారు. పాత ఇనుముకి అంత ధరా అని మా తమ్ముడు కోప్పడుతున్నాడు. స్కూలుకి వెళ్లిరావడానికి, నెలకోసారి అమ్మను తిరుపతిలో ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కావాలి. కొనమంటారా? ఫోటోలు పంపుతున్నాను. – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ఫోటోలు ఒకటికి నాలుగుసార్లు చూశాను. బయటి మెరుపు చూపించినవి పక్కన పెట్టి రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి పెడల్స్ ఫోటో. క్లచ్ పెడల్ రబ్బరు మీద అడ్డగీతలు ఇంకా లేచే ఉన్నాయి. లక్ష తిరిగిన బండిలో ఎడమ మూల అరిగి నున్నబడిపోతుంది, ఒక్కోసారి ఇనుము బయటపడుతుంది. కాబట్టి 38 వేలన్న మాట నేను నమ్ముతాను. మాస్టారు నిజమే చెబుతున్నారు.

రెండోది ముందు టైరు ఫోటో. పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో 1514 అని అచ్చు ఉంది చూడండి. 2014లో 15వ వారం తయారైందని అర్థం. గాడి నిండుగానే ఉంది కానీ ఆ రబ్బరుకి పన్నెండేళ్లు. అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్లు ఫోటోలోనే కనిపిస్తున్నాయి. మీ ప్రశ్నకి జవాబు ఈ రెండు ఫోటోల మధ్యే ఉంది. ఇనుము బాగుంది, రబ్బరు ముసలిదైంది. బండి తిరిగినా తిరక్కపోయినా రబ్బరుకి వయసు ఆగదు.

రేణిగుంట రోడ్డులో 31 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. ఇలాంటి బండే ఒకటి, 22 వేలు తిరిగినది, నేనే చూసి ‘కళ్లు మూసుకుని తీసుకో’ అని ఒకాయనకి చెప్పాను. రేడియేటరు హోస్ పైపులు వేలితో నొక్కి చూడలేదు. మూడో వారంలో పిల్లలతో మదనపల్లె వెళ్తుంటే భాకరాపేట ఘాట్‌లో పై హోస్ పగిలి నీళ్లన్నీ పోయాయి. ఇంజను వేడి చూపించే సూదిని ఆయన గమనించేలోపే ఇంజను కాగిపోయి, దాని పైభాగం, అంటే అల్యూమినియం హెడ్, వంగింది. ఆ రిపేరు నా చేతుల మీదే చేశాను, కూలి తీసుకోలేదు. అయినా ఎండలో ఆ పిల్లలు రోడ్డు పక్కన కూర్చున్న సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి తక్కువ తిరిగిన బండిని ఎక్కువ తిరిగిన దానికంటే జాగ్రత్తగా చూస్తాను.

ఇక డబ్బు సంగతి. టైమింగ్ బెల్టు, ఫ్యాన్ బెల్టు, హోసులన్నీ, బ్రేకు వీల్ సిలిండర్ల రబ్బర్లు, పెట్రోలు పైపులు మార్చాలి. పెట్రోలు పైపులు ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపింది. 2006 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు, మెత్తబడి కారుతుంది. ఈ పనులకి కూలితో కలిపి నా లెక్క 15 వేలు. స్టెప్నీతో సహా ఐదు టైర్లు, బ్యాటరీ కలిపి ఇంకో 18 వేలు. ఇంకోటి మీరు గమనించినట్టు లేదు. 2021లో ఐదేళ్లకి పొడిగించిన ఆర్సీ ఈ నవంబరుతో అయిపోతుంది. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10 వేలకి పెంచారు. పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. మొత్తం కలిపితే 43 వేలకి పైమాటే.

అంటే మాస్టారు చెప్పిన 1,35,000 ఇవన్నీ చేయించిన బండికి సరైన ధర. ఈ రోజు ఆయన వాకిట్లో నిలబడి ఉన్న బండికి 90 వేలు. గట్టిగా బేరమాడి 95 దాకా వెళ్లండి, లక్ష దాటొద్దు. మీ తమ్ముడి మాట కూడా నేను ఒప్పుకోను. ఒకే చేతి మీద పెరిగిన, ఢీకొట్టని 800 ఇప్పుడు దొరకడం కష్టం. 2014 జనవరిలో తయారీ ఆపేసినా సామాన్లకి కొదవలేదు. ఇదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ఓమ్నీలో 2019 దాకా వచ్చింది. చిత్తూరులో ఏ షెడ్డుకి వెళ్లినా కుర్రాడు కళ్లు మూసుకుని విప్పి బిగిస్తాడు.

తుప్పు చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. చిత్తూరుకి సముద్రపు గాలి లేదు కనుక భయం తక్కువే, కానీ బండి మద్రాసులో కొన్నాళ్లు ఉందేమో అడగండి. ముందు సీట్ల కింద మ్యాట్ ఎత్తి, బ్యాటరీ ట్రే కింద బొటనవేలితో నొక్కండి. లోపలికి దిగితే వదిలేయండి. అడుగున కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో తెలిసేదాకా కొనొద్దు. ఏసీ వేసి పావుగంట నిలబెట్టి సూది ఎక్కడిదాకా లేస్తుందో చూడండి.

స్కూలు దారికి ఇంతకంటే మంచి బండి నేను చెప్పలేను. తిరుపతి రోడ్డు దగ్గరే నాకు మనసొప్పడం లేదు. ఇందులో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగ్ కూడా లేదు. 70 కిలోమీటర్లు, పక్కన కంటైనర్ లారీలు. వెళ్లాల్సి వస్తే పగలే వెళ్లండి, అరవై దాటొద్దు, ఎడమ పక్కనే ఉండండి. అమ్మగారికి ఒంట్లో బాగా లేని రోజు టాక్సీ మాట్లాడుకోండి.

పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని మాస్టారుకి రాత్రే చెప్పండి. బానెట్ మీద చేయి పెడితే చల్లగా ఉండాలి. తాళం తిప్పగానే అందుకుని, రెండు నిమిషాల తర్వాత సైలెన్సరు నుంచి నీలం పొగ రాకపోతే, నేను రాసిన ఖర్చుల లెక్క ఆయనకే చూపించండి. మాస్టారు కదా, కూడిక ఆయనే చేసుకుంటారు.