ఆఫీసు సిస్టమ్స్‌లో మెయిల్ లింకు నొక్కితే జీమెయిలే రావాలంటే

గాజువాకలో మీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అందరూ బ్రౌజర్‌లోనే జీమెయిల్ చూస్తారు, కానీ ఎక్కడ మెయిల్ ఐడీ మీద నొక్కినా అవుట్‌లుక్ వచ్చి అకౌంటు అడుగుతోంది, ఎలా మార్చాలి అని కదా అడిగారు. నేను పోర్టు వైపు ఒక కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో సిస్టమ్స్ చూసుకుంటానండీ. మా దగ్గరా ఇదే గోల ఉండేది. మార్చడం తేలికే. కాకపోతే అంతకంటే ముందు తేల్చుకోవాల్సిందొకటి ఉంది: వచ్చే జీమెయిల్ ఎవరిది?

ఒకే క్రోమ్‌లో సొంత అకౌంటూ ఆఫీసు అకౌంటూ రెండూ తెరిచి ఉంటే, లింకు నొక్కినప్పుడు మామూలుగా మొదట లాగిన్ అయిన అకౌంటు నుంచే మెయిల్ రాసే కిటికీ వస్తుంది. ఫ్రమ్ దగ్గర ఏముందో ఎవరూ చూడరు. మా ఇంపోర్ట్ సెక్షన్‌లో ఒకబ్బాయి డీవో (సరుకు ఇవ్వమనే డెలివరీ ఆర్డర్) కోసం షిప్పింగ్ లైనుకు రాసిన మెయిల్ అలాగే సొంత ఐడీ నుంచి వెళ్లిపోయింది. జవాబూ అక్కడికే వచ్చింది. ఆ రోజు అతను సెలవు. కంటైనర్ ఫ్రీ డేస్ (అదనపు చార్జీ పడకుండా ఉంచుకోగలిగే రోజులు) అయిపోతున్నాయని ఒకటే టెన్షన్, మేమేమో ఆఫీసు ఐడీలో జవాబు కోసం వెతుకుతూ కూర్చున్నాం.

అందుకే ముందు ప్రతి సిస్టమ్‌లో ఆఫీసు అకౌంటు ఒక్కటే ఉండేలా క్రోమ్‌లో విడిగా ప్రొఫైల్ పెట్టండి. రెండో ప్రొఫైల్ ఉంచితే మళ్లీ చిక్కే, ఎందుకంటే వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో లింకు నొక్కితే ఆఖరున వాడిన ప్రొఫైల్ తెరుచుకుంటుంది. సొంత మెయిల్ ఫోన్‌లో చూసుకోమని చెప్పేశాం. కొంచెం గొణిగారు, తర్వాత అలవాటైపోయింది.

ఇక సెట్టింగు. రెండు చోట్ల మార్చాలి, చాలామంది ఒకచోట మార్చి పనిచెయ్యలేదంటారు. మొదటిది బ్రౌజర్. క్రోమ్‌లో జీమెయిల్ తెరిచి, అడ్రస్ బార్ కుడి చివర రెండు డైమండ్ గుర్తులు ఒకదానిమీద ఒకటి ఉన్నట్టు కనిపించే బొమ్మ నొక్కి అలౌ ఇవ్వండి. ఇన్‌కాగ్నిటోలో ఇది కుదరదు. ఆ బొమ్మే లేకపోతే బహుశా ఎవరో ఎప్పుడో బ్లాక్ నొక్కి ఉంటారు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, అడిషనల్ పర్మిషన్స్ దాటి ప్రోటోకాల్ హ్యాండ్లర్స్‌లోకి వెళ్లి, బ్లాక్ అయిన వరుస తీసేసి జీమెయిల్ రిఫ్రెష్ చేస్తే సరి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు జనరల్ సెట్టింగ్స్‌లోని అప్లికేషన్స్ జాబితాలో మెయిల్‌టు (mailto, అంటే మెయిల్ లింకుల రకం పేరు) అని ఒక వరుస ఉంటుంది, దాని ఎదురుగా జీమెయిల్ ఎంచుకుంటే చాలు.

రెండోది విండోస్. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్. విండోస్ 11 అయితే పైనున్న పెట్టెలో మెయిల్‌టు అని ఇంగ్లిష్‌లో కొట్టి, వచ్చిన దాన్ని క్రోమ్‌కి మార్చండి. విండోస్ 10లో అదే పేజీ కిందికి వెళ్తే ప్రోటోకాల్ (లింకు రకం) వారీగా ఎంచుకునే లింకు ఉంటుంది, అందులో మెయిల్‌టు ఎదురుగా క్రోమ్ పెట్టండి. పాత మెయిల్ యాప్‌కి మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో సపోర్టు ఆపేసి, దాని స్థానంలో కొత్త అవుట్‌లుక్ తెచ్చింది. మీ దగ్గర అకౌంటు అడుగుతున్నది బహుశా అదే.

సరిచూసుకోవడానికి విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, మెయిల్‌టు తర్వాత కోలన్ పెట్టి మీ ఆఫీసు ఐడీ కొట్టి ఎంటర్ చెయ్యండి. అవుట్‌లుక్ వస్తే విండోస్‌లో మారలేదన్నమాట. క్రోమ్ వచ్చి జీమెయిల్ రాకపోతే లోపం బ్రౌజర్ సెట్టింగులో. ఈ మార్పు విండోస్ లాగిన్ లాగిన్‌కీ విడిగా చెయ్యాలి, షిఫ్టులవారీగా ఒకే సిస్టమ్ వాడేవాళ్లుంటే గుర్తుంచుకోండి.

జీమెయిల్ కాకుండా సొంత డొమైన్‌తో రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిల్ (బ్రౌజర్‌లోనే చూసే మెయిల్) వాడుతుంటే, దాని సెట్టింగ్స్‌లో యూజర్ ఇంటర్‌ఫేస్ కింద బ్రౌజర్ ఆప్షన్స్‌లో రిజిస్టర్ చేసే లింకు ఉంటుంది. సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్ (https)తో మొదలవ్వాలి.

అసలు గొడవ అటాచ్‌మెంట్లతో. మెయిల్ లింకు చిరునామా, సబ్జెక్టు, విషయం వరకే మోస్తుంది, ఫైలు మొయ్యదు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి సెండ్ టులో మెయిల్ రెసిపియంట్ నొక్కినా, కొన్ని స్కానర్ సాఫ్ట్‌వేర్లలో ఈమెయిల్ బటన్ నొక్కినా, విండోస్ మ్యాపీ అనే వేరే దారిలో వెళ్తుంది. దానికి సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసిన మెయిల్ ప్రోగ్రామ్ కావాలి, వెబ్‌మెయిల్ పనికిరాదు. ఈ సంగతి స్టాఫ్‌కి ముందే చెప్పకపోతే రోజంతా మిమ్మల్నే పిలుస్తారు. ఫైలును లాగి జీమెయిల్ కిటికీలో వదలడం నేర్పండి. అక్రోబాట్ రీడర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లోని ఈమెయిల్ అకౌంట్స్‌లో జీమెయిల్ జోడించుకోవచ్చు. ట్యాలీ తన సొంత ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే సర్వర్) సెట్టింగ్స్‌తో పంపుతుంది కాబట్టి దానికి ఈ మార్పుతో సంబంధం లేదు.

విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో గీకి మార్చెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. విండోస్ 8 నుంచి యూజర్ ఎంపికకు హ్యాష్ అనే ఒక రహస్య ముద్రలాంటిది పెట్టి ఉంచుతోంది, అది సరిపోలకపోతే మీ మార్పు చెల్లదు. సిస్టమ్స్ అన్నీ ఒకే సర్వర్ కింద (విండోస్ డొమైన్‌లో) ఉన్న పెద్ద ఆఫీసులు ఒక సిస్టమ్‌లో సెట్ చేసి, విండోస్‌లోని డిస్మ్ (DISM) కమాండ్‌తో ఆ జాబితాను ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా తీసి గ్రూప్ పాలసీ (అన్ని సిస్టమ్స్‌కీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పెట్టే పద్ధతి) ద్వారా అన్నిటికీ పంపుతాయి. మీకున్న పది సిస్టమ్స్‌కి అంత హంగామా దండగ, ఒక్కో సీటు దగ్గరా కూర్చుని చేసేయండి.

అకౌంట్స్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్ నుంచే బిల్లులు పంపే మనిషి ఉంటే మాత్రం ఆ ఒక్క సిస్టమ్‌లో అవుట్‌లుక్‌నే ఉంచి, ఆఫీసు అకౌంటు అందులో పెట్టివ్వండి. మేమూ అలాగే వదిలేశాం.