కత్తిపీట మీద ఒక్క వంకాయైనా తరగవేమిరా?

చిరంజీవి బుజ్జికి, మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ కథ రెండుసార్లు చదివాను. అమ్మమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ మనవడు కత్తిపీట చూసి ఏడుస్తాడు. సరే. కానీ కథ మొత్తంలో దాని మీద ఎవరూ కూర ముక్క తరగరు. నువ్వు రాసింది కత్తిపీట కాదురా, దండ వేసిన ఫోటో.

అసలు కత్తిపీట నా దగ్గరే ఉంది. సానపట్టించీ పట్టించీ కత్తి సగానికి సన్నబడింది. కాలేసి తొక్కిపట్టే చోట చెక్క నున్నగా పల్లంపడింది. ఆ పల్లంలో నా పాదం ఇమడదు. అమ్మది చిన్న పాదం. ఇన్నేళ్లూ ఆవిడ తరుగుతుంటే చూశాను గానీ, పీట నా కంటపడలేదు. నేను కాలు పెట్టి, అది కుదరకపోయాకే తెలిసింది.

హైడెగర్ అనే జర్మన్ తత్వవేత్త 1927లో అచ్చయిన పుస్తకంలో సుత్తిని పట్టుకుని ఈ మాటే అంటాడు. మేకు కొడుతున్నంతసేపూ మన ధ్యాస పని మీదే, సుత్తి మీద కాదు. అది విరిగితేనో, చేతికందకపోతేనో అప్పుడు కళ్లబడుతుంది. ఆయన రాజకీయాలు నాకు గిట్టవు గానీ, వంటింట్లో మసిలినవాళ్లెవరూ ఈ మాట కాదనరు. అందుకే మొదటి పేజీల్లో కత్తిపీటని వర్ణించకు. ఆవిడ చేత వాడించు. కత్తి వదులై కదలనీ, అప్పుడు చూపించు.

ఇంకోటి. వస్తువుని నీ హీరో కన్నీళ్లకే కట్టెయ్యకు. భారతంలోని శకుంతల కథలో ఉంగరం లేదు, కాళిదాసు తెచ్చిపెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? నీళ్లలో జారవిడిచి, చేప చేత మింగించి, జాలరి చేతికి చిక్కించి, వాణ్ని రాజభటుల చేత కట్టించాడు. జాలరికి అది నాలుగు డబ్బులు, భటులకు దొంగసొత్తు, దుష్యంతుడికి శకుంతల. రాజు ఏడవబోయే ముందు ఓ పేదవాడి ప్రాణం మీదికొచ్చింది చూడు! నాటకంలో ఆ అంకం ఆరంభం నాకెప్పుడూ ఇష్టం. మరి నీ కథలో పాత ఇనుము కొనేవాడు కత్తిపీటని తూకం వేసి ఎంతంటాడు? కోడలికి అది అడ్డమా, అవసరమా?

రష్యన్ రచయిత గోగోల్ కథ 'ఓవర్‌కోటు' కూడా చదువు. 1842 నాటిది. కోటు కుట్టించుకోడానికి అందులో ఓ పేద గుమాస్తా సాయంత్రం టీ మానేస్తాడు, బూట్లు అరిగిపోకుండా మునివేళ్ల మీద నడుస్తాడు. కోటు ఇంకా రానేలేదు, మనిషి అప్పుడే మారిపోయాడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు కత్తిపీట ముందు కూర్చోబెడతాను. కిలో వంకాయలు ఉప్పునీళ్లలోకి తరుగు. తర్వాత రాద్దువుగాని. వేళ్లు జాగ్రత్త.

మీ పెద్దమ్మ