ముందు ఆకు రసం, తర్వాతే చిప్పు

అనంతపురం

చిరంజీవి పాపకు, మామ దీవించి రాయునది.

నీ ఎం.టెక్. ప్రాజెక్టు కాగితాలు చదివాను. వైరస్‌ను పట్టే వేవ్‌గైడ్ సెన్సర్, అంటే చిప్పు మీద వెలుగు నడిచే సన్నని దారితో వైరస్‌ను పసిగట్టే పరికరం అన్నావు, సంతోషం. కానీ అందులో సిమ్యులేషన్ రంగుల బొమ్మలు తప్ప ఏ వైరస్, ఏ ద్రవంలో, ఎవరికి పనికొస్తుంది అన్న ముక్కే లేదు. పని అక్కడే మొదలు కావాలి.

దూరం పోనక్కర్లేదు. 2000లో మన జిల్లా వేరుశనగకు కాండంకుళ్ళు వైరస్ తెగులొచ్చి, రెండు లక్షల హెక్టార్లకు పైగా పైరు దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అది టొబాకో స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగులతో పాటు చేలోకి దిగుతుంది. మొవ్వుకుళ్ళు కూడా కంటికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది, దాని వైరస్ మాత్రం వేరు. ఆకు చూసి ఏదో తేల్చడం కష్టం. ఆ రెంటినీ విడదీసే చిప్పు చెయ్యి.

వైరస్ ఖాయమైతే సగం నిర్ణయాలు వాటంతటవే తేలతాయి. నువ్వు సిలికాన్, 1550 నానోమీటర్లు అని రాశావు. లేజర్లు సులువుగా దొరుకుతాయనే కదా! ఆ వెలుగును నీళ్ళే తాగేస్తాయి. పోనీ ఎర్ర లేజరు పెడదామంటే ఆకు రసంలో పత్రహరితం మింగుతుంది. 850 దగ్గర రెండు బెడదలూ తక్కువ. అక్కడ సిలికాన్ వెలుగును పీల్చేస్తుంది కాబట్టి సిలికాన్ నైట్రైడ్ తీసుకో. దాని వక్రీభవన గుణకం సుమారు 2, కింద సిలికాది 1.45, పైన నీటిది 1.33. పొర మందం 100, 200 నానోమీటర్ల మధ్య ఉంచి, ఒకే మోడ్, అంటే వెలుగు ఒకే తీరులో నడిచేలా చూసుకో. గైడ్ మీదికి పొంగే వెలుగు 150 నానోమీటర్లు దాటేసరికి బాగా సన్నగిల్లుతుంది. టొబాకో స్ట్రీక్ కణం 30 నానోమీటర్లే, అందులో పూర్తిగా మునుగుతుంది. మొవ్వుకుళ్ళు వైరస్ 100 దాకా ఉంటుంది, ఒక్కో కణానికి సంకేతం దానిదే పెద్దది. నీ లెక్కలు మాత్రం చిన్నదానితోనే చెయ్యి.

అసలు తలనొప్పి వేడి. నీటి వక్రీభవన గుణకం ఒక్క డిగ్రీకి దాదాపు పదివేలలో ఒక వంతు మారుతుంది. వెలుగును రెండు పాయలుగా చీల్చి, మళ్ళీ కలిపి తేడా చూసే సెన్సర్‌ను మాక్-జెండర్ అంటారు కదా, అది మంచిదైతే కోటిలో ఒక వంతు మార్పును కూడా పడుతుంది. అంటే డిగ్రీలో వెయ్యో వంతు వేడి పెరిగినా వైరస్ దొరికినట్టే కనబడుతుంది. మన ఏప్రిల్ ఎండల్లో కరెంటు పోయి ఏసీ ఆగితే ఇక చెప్పేదేముంది! నీ బొమ్మలో ఒక పాయ మీదే రసం తగిలే కిటికీ తెరిచావు. రెండు పాయల మీదా తెరువు, ఒకే పొడవులో, పక్కపక్కనే. రెంటి మీదా ఒకే రసం పారాలి. ఒకదాని మీద మనకు కావలసిన యాంటీబాడీ (వైరస్‌ను పట్టుకునే ప్రొటీన్), రెండోదాని మీద ఏ మొక్కతోనూ సంబంధం లేని యాంటీబాడీ అతికించు. రెండో పాయకు మొవ్వుకుళ్ళు యాంటీబాడీ పెడితే ఒకే చిప్పుతో పని అయిపోతుంది కదా అనిపిస్తుంది, నాకూ ఆశ పుట్టింది. కానీ రెండు తెగుళ్ళూ కలిసొచ్చిన మొక్కలో రెంటి సంకేతాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్కో వైరస్‌కు ఒక్కో జత పెట్టు.

రెండు పాయలూ కలిశాక వచ్చే వెలుగు అలలా పెరిగి తగ్గుతుంది. చివర దాన్ని కొలిచే డిటెక్టరు ఒక్కటే పెడితే, కొలత ఆ అల శిఖరం మీదో అడుగునో మొదలైనప్పుడు చిన్న కదలిక తెలియదు. పాయలను కలిపి వెలుగును మూడు దారుల్లో బయటికి పంపే కప్లర్ వేస్తే ఆ టెన్షన్ ఉండదు.

చిప్పు మీద రసం పారే కాలువ ఎత్తు తగ్గించు. 100 నానోమీటర్ల కణం నిలవ నీటిలో 100 మైక్రాన్లు కదలడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది, రైతు అంతసేపు ఎందుకు కూర్చుంటాడు?

యాంటీబాడీ అతికాక ఖాళీలను బీఎస్ఏ అనే ప్రొటీన్‌తో కప్పి, మొదట ఆరోగ్యమైన ఆకు రసం పోసి చూడు. గ్రాఫులో గీత కదిలిందంటే రసంలోని చెత్త అంటుకుంటోందన్న మాట. అది సర్దుకునేదాకా తెగులు ఆకు జోలికి పోవద్దు. చాలామంది ఈ మెట్టు దాటేసి, తర్వాత గ్రాఫులకు కథలు అల్లుతారు.

సిమ్యులేషన్‌కు ఉచితంగా దొరికే మీప్ సాఫ్ట్‌వేర్ చాలు. చిప్పు తయారీకి బెంగళూరు ఐఐఎస్సీలో ఐఎన్‌యూపీ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) కింద బయటి విద్యార్థులకు అవకాశం ఉంది, మీ గైడుతో దరఖాస్తు పెట్టించు. ఈలోగా కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్ళి, ఎలీసా అనే యాంటీబాడీ పరీక్షలో తెగులు తేలిన ఆకులు ఇవ్వగలరేమో అడుగు. తెగులు ఆకులతో పాటు ఆరోగ్యమైనవీ, అదే రకానివి, అదే వయసువి తెచ్చుకో.

ఇట్లు,
మీ మామ