బ్యాంకు కోత తిరిగి రావాలంటే చాట్‌బాట్‌తో పని కాదు

ప్రశ్న: సేవింగ్స్ ఖాతాలో మినిమమ్ బ్యాలెన్స్ తగ్గిందని రెండు నెలలుగా ఛార్జీ కోస్తున్నారు. యాప్‌లో అడిగితే చాట్‌బాట్ ఛార్జీల పట్టిక చూపించి ఊరుకుంటోంది. డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: అడగాల్సిన చోట అడిగితే వచ్చే అవకాశం బాగానే ఉంది. ఈ ఫిర్యాదు పదేపదే వస్తోంది, అందరూ చేసే పొరపాటూ ఒకటే: చాట్‌బాట్‌తో వాదన. యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో సర్వీస్ రిక్వెస్టుల కింద ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకోండి. స్టేట్‌మెంటులో కోత పడిన తేదీ, మొత్తం, పక్కనున్న వివరణ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయి ఉంటుంది, అదీ కలిపి అడగండి.

బతిమాలడం కన్నా రూలు చూపడం మేలు. బ్యాలెన్స్ తగ్గిందని బ్యాంకు ముందు తెలియజేయాలి, సరిచేసుకోవడానికి నెల గడువివ్వాలి, ఆ తర్వాతే జరిమానా. అదీ తగ్గిన మొత్తానికి తగ్గట్టే. ఈ ఛార్జీ వల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఇవన్నీ ఆర్బీఐ నిబంధనలే. కాబట్టి ‘ఏ తేదీన, ఏ నంబరుకు నోటీసు పంపారు?’ అని రాతలో అడగండి. పాత సిమ్ నంబరునే ఖాతాలో వదిలేసినవాళ్లకు మాత్రం ఈ ప్రశ్న ఎదురు తిరుగుతుంది. అప్పుడు మొదటిసారి కదా, మాఫీ చేయమని బ్రాంచి మేనేజరును అడగడమే దారి. 30 రోజుల్లో బదులు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు, ఆర్బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ముందు బ్యాంకుకు రాసిన రుజువు లేకపోతే అక్కడ తిప్పికొడతారు.

నా భయమంతా వేరే చోట ఉంది. కోపం కొద్దీ సోషల్ మీడియాలో బ్యాంకును ట్యాగ్ చేసి పోస్టు పెడతారు. కాసేపటికే బ్యాంకు లోగో పెట్టుకున్న ఖాతా ఒకటి ‘క్షమించండి సర్, రీఫండ్ కోసం ఈ ఫామ్ నింపండి’ అంటూ దిగుతుంది. ఫామ్‌లో కార్డు నంబరు, ఆ వెంటనే వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. సరే అన్నారా, ఇక మీ ఓటీపీలన్నీ వాళ్లకే. సెర్చ్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లలోనూ ఇలాంటివి బోలెడు. నంబరు కార్డు వెనక నుంచే తీసుకోండి, వెబ్‌సైట్ చిరునామా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగుస్తోందో లేదో చూడండి. మీకు డబ్బు రావడానికి పిన్ గానీ ఓటీపీ గానీ స్క్రీన్ షేరింగ్ గానీ అక్కర్లేదు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఆ ఫోనులో నెట్ ఆపేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకూ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి.

ఇక యాప్‌ల సంగతి. చాలా బ్యాంకులు చూసేది నెల సగటు: రోజూ రాత్రికి మిగిలిన మొత్తాలన్నీ కూడి, రోజుల సంఖ్యతో భాగిస్తారు. నెలాఖరున 5,000 వేసినంత మాత్రాన సగటు 5,000 కాదు. ఈ లెక్క బ్యాంకు దగ్గర ఉన్నదే. అయినా లాగిన్ కాగానే ప్రీ అప్రూవ్డ్ లోను బ్యానరు మొహాన కొడుతుంది గానీ, ‘ఈ నెల మీ సగటు ఇంత, ఇంకా ఇంత తక్కువ’ అన్న ఒక్క వరుస చాలా యాప్‌లలో వెతికినా దొరకదు. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఐకాన్ల రంగులు మాత్రం మారుస్తారు.